మూడేళ్లు మాత్ర మింగాను, అయినా నడుం పూస విరిగింది

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నాకు 67 ఏళ్లండి. రాజోలు దగ్గర పల్లెటూరు మాది. మూడేళ్ల క్రితం రాజమండ్రిలో డెక్సా స్కాన్ (ఎముక సాంద్రత కొలిచే పరీక్ష) తీస్తే వెన్నులో టీ స్కోరు (పడుచు వయసు ఎముకతో పోల్చిన అంకె, మైనస్ పెరిగేకొద్దీ ఎముక బలహీనం) మైనస్ 3.1, తుంటిలో మైనస్ 2.6 వచ్చింది. ఎముకలు గుల్లబారాయని వారానికోసారి వేసుకునే అలెండ్రొనేట్ 70 మాత్ర రాశారు. ప్రతి ఆదివారం, ఒక్క వారం కూడా మానలేదు. పొద్దున్నే లేచి థైరాయిడ్ మాత్ర, ఇది, కాల్షియం మాత్ర మూడూ కలిపి వేసేసుకుని, కాఫీ తాగి పనిలో పడతాను. మొన్న సంక్రాంతికి అరిసెల చలిమిడి గిన్నె పొయ్యి మీంచి దింపబోతే నడుంలో టక్కుమంది. రెండు నెలలు మంచం దిగలేకపోయాను. ఎక్స్‌రేలో నడుంలో మొదటి పూస, ఎల్1, నొక్కుకుపోయిందన్నారు. తర్వాత హైదరాబాద్‌లో మా అమ్మాయి మళ్లీ స్కాన్ తీయించింది. వెన్ను మైనస్ 3.0. మూడేళ్లు మింగితే ఇంతేనా అండి? అమ్మాయి రోజూ పొడుచుకునే ఇంజెక్షన్ రెండేళ్లు చేయించుకోమంటోంది. అబ్బాయి ఆరు నెలలకోసారి చేసేది చాలంటున్నాడు. తెలిసినవాళ్లు పూసలో సిమెంట్ పోయించుకోమంటున్నారు. మా ఆయనకి కొబ్బరి మీద వచ్చేదే ఆదాయం. నాకు 35 ఏళ్లకే గర్భసంచీ, అండాశయాలూ తీసేశారు. మోకాళ్ల నొప్పులకి సంతలో అమ్మే ఆకుమందు పొట్లాలు నాలుగేళ్లుగా వాడుతున్నాను. అవి వేసుకుంటే నొప్పి చేత్తో తీసేసినట్టు పోతుంది. ఆకలి వేస్తుంది, మొహం కూడా నిండుగా అయిందంటున్నారు. ఏ ఇంజెక్షన్ మంచిదో చెప్పండి.
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు అడిగింది ఇంజెక్షన్ గురించి. దానికి తప్పకుండా జవాబు చెప్తాను. కానీ ఉత్తరం చివర మీరు మామూలుగా రాసేసిన పొట్లాల మాట దగ్గర నేను ఆగిపోయాను. ముందు అదే మాట్లాడుకుందాం.

నొప్పి చేత్తో తీసేసినట్టు పోవడం, ఆకలి పెరగడం, మొహం గుండ్రంగా అవడం. ఈ మూడూ ఒకచోట కనబడితే ఆ పొట్లంలో స్టెరాయిడ్ కలిసి ఉందేమోనని మా డాక్టర్లకి వెంటనే అనుమానం వస్తుంది. ఆకుమందు పేరుతో అమ్మే పొడుల్లో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలపడం కొత్తేమీ కాదు. అమలాపురంలో నా దగ్గరకు వచ్చే మోకాళ్ల నొప్పుల వాళ్లను నేను మొదట అడిగేది, "ఇంకేమన్నా పొడులు వాడుతున్నారా అమ్మా?" అనే. చాలామంది కొంగుముడి విప్పి చూపిస్తారు. న్యూస్‌పేపర్ ముక్కలో మడిచిన గోధుమరంగు పొడి ఉంటుంది. పేరుండదు, తేదీ ఉండదు, అందులో ఏముందో రాసి ఉండదు.

స్టెరాయిడ్ ఎముకను రెండు వైపుల నుంచీ దెబ్బతీస్తుంది. కొత్త ఎముక కట్టే కణాలను అణిచేస్తుంది, ఉన్న ఎముకను కరిగించే పనిని పెంచుతుంది. మూడు నెలలు వాడినా చాలు, ఎముక విరిగే ప్రమాదం పెరుగుతుంది, అది కూడా వెన్నుపూసల్లోనే ముందు కనబడుతుంది. మీది నాలుగేళ్లు. ఒక చేత్తో నీళ్లు పోస్తూ ఇంకో చేత్తో తూము తీసినట్టయింది.

ఇది చదివి ఇవాళే పొట్లాలన్నీ కాలవలో పారేయకండి. బతిమాలి చెప్తున్నాను. చాలాకాలం స్టెరాయిడ్ లోపలికి వెళ్తే మన ఒంట్లో సహజంగా తయారయ్యేది ఆగిపోతుంది. ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి, వాంతులు పట్టుకుని ప్రాణం మీదకు రావచ్చు. మిగిలిన పొట్లాలు చేతిలో పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. పొద్దున ఎనిమిదింటికి ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ ఎంతుందో చూపే కార్టిసాల్ పరీక్ష చేస్తారు. అవసరమైతే కొలిచిన మోతాదులో మాత్ర ఇచ్చి, మెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు.

ఇక ఆదివారం మాత్ర. మీరు ఒక్క వారం కూడా మానలేదని రాశారు, ఆ శ్రద్ధకు చాలా సంతోషం. కానీ ఆ మాత్రలో ఎక్కువ భాగం మీ ఎముక దాకా చేరలేదమ్మా. అలెండ్రొనేట్ చాలా మొండి మందు. సరిగ్గా పరగడుపున వేసుకున్నా అందులో నూటికి ఒక వంతు కూడా రక్తంలోకి ఎక్కదు. కాఫీతో తీసుకుంటే ఆ కొంచెంలోనూ సగానికి పైగా పోతుంది. కాల్షియంతో కలిపి వేసుకుంటే రెండూ పట్టుకుని పేగులోనే ఉండిపోతాయి. మీరు మూడింటినీ కలిపి మింగి, పైన కాఫీ తాగారు. మూడేళ్లలో మందు పనిచేయలేదని మీరు అనుకుంటున్నారు. మందుకు పనిచేసే అవకాశమే దొరకలేదని నేననుకుంటున్నాను. తప్పు మీదే అనను. చీటీ మీద "వారానికి ఒకటి" అని రాసి చేతిలో పెట్టి, ఎలా వేసుకోవాలో రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పకపోతే ఎవరైనా అలాగే వేసుకుంటారు.

ఈ మాత్ర వాడే మిగతా వాళ్లు కూడా గుర్తుపెట్టుకోండి. లేవగానే, పరగడుపున, గ్లాసు నిండా మామూలు మంచినీళ్లతో వేసుకోవాలి. తర్వాత అరగంట పడుకోకూడదు, ఏమీ తినకూడదు, తాగకూడదు. థైరాయిడ్ మాత్ర ఉన్నవాళ్లు ఆ అరగంట అయ్యాక అది వేసుకుని, ఇంకో అరగంట ఆగి కాఫీ తాగొచ్చు. కాల్షియం మధ్యాహ్నం భోజనంతోనే. థైరాయిడ్ మాత్రకీ కాల్షియానికీ కనీసం నాలుగు గంటలు ఎడం ఉండాలి.

ఇప్పుడు మీ స్కాన్. మైనస్ 3.1 నుంచి 3.0కి రావడం లాభమో నష్టమో ఆ అంకె చూసి చెప్పలేం. రాజమండ్రి మెషీన్ వేరు, హైదరాబాద్ మెషీన్ వేరు. ఒకే మెషీన్ మీద ఇవాళ తీసి రేపు తీసినా కొంచెం తేడా వస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది, ఇది చాలాసార్లు రిపోర్టులో ఎవరూ పట్టించుకోరు. వెన్ను స్కాన్ ఎల్1 నుంచి ఎల్4 దాకా నాలుగు పూసల సగటు. మీకు విరిగింది ఎల్1. నొక్కుకుపోయిన పూస గట్టిగా అదిమిన చలిమిడి ముద్దలాంటిది. చోటు తగ్గి సరుకు దగ్గరపడుతుంది కాబట్టి మెషీన్‌కి అది చిక్కగా కనిపిస్తుంది. ఆ పూసను తీసేసి మిగతా మూడింటితో లెక్క కట్టమని అడగండి. అసలు అంకె 3.0 కన్నా కిందే ఉండొచ్చు. భయపెట్టడానికి కాదు, సరైన మందు ఎంచుకోవడానికి ఇది కావాలి.

అంకె కదలకపోతేనే మందు ఓడిపోయినట్టు కాదని కూడా తెలుసుకోవాలి. అలెండ్రొనేట్ లాంటి మందుల పని ఉన్న ఎముక కరిగిపోకుండా ఆపడం. ఎముక నిలబడి, ఏదీ విరగకుండా మూడేళ్లు గడిస్తే అది గెలుపే. అంతర్జాతీయ నిపుణులు 2012లో ఈ "ఓటమి" అన్న మాటకి కొలతలు పెట్టారు. సరిగ్గా మందు వాడుతుండగా చిన్న దెబ్బలకే రెండు ఎముకలు విరిగినా, ఒకటి విరిగి దానితోపాటు ఎముక సాంద్రత గట్టిగా పడిపోవడమో, ఎముక అరుగుదల చూపే రక్తపరీక్ష అంకె తగ్గకపోవడమో జరిగినా మందు మార్చే ఆలోచన చేయాలన్నారు. మీకు ఒకటి విరిగింది. మాత్రేమో సరిగ్గా ఒంటికి పట్టలేదు. కాబట్టి ఇది మందు ఓటమి అనలేను. అయినా అదే మాత్రని ఇప్పుడు పద్ధతిగా వేసుకోమని మాత్రం చెప్పను. గిన్నె దింపితేనే పూస విరిగిన మనిషికి మళ్లీ విరిగే అవకాశం తర్వాతి ఏడాది, రెండేళ్లలో చాలా ఎక్కువ. మనకు అంత ఓపిక పట్టే టైం లేదు.

మందు మార్చే ముందు రక్తపరీక్షలు చేయించండి. కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోన్, థైరాయిడ్ పనితీరు చూపే టీఎస్‌హెచ్. మీ వయసుకి మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ లేదని తేల్చే ప్రొటీన్ పరీక్ష కూడా చేయించాలి. థైరాయిడ్ మాత్ర మోతాదు ఎక్కువై టీఎస్‌హెచ్ బాగా కిందకు పడిపోయినా ఎముక అరుగుతుంది, అందుకే దాన్ని అడుగుతున్నాను. డి తక్కువుంటే ఏ ఇంజెక్షన్‌కైనా ముందే సరిచేయాలి. మన ఎండల్లో డి తక్కువేంటి అనుకోకండి. మధ్యాహ్నపు ఎండలో మన ఆడవాళ్లు బయట కూర్చునేది ఎక్కడ? వారానికోసారి వేసుకునే 60,000 యూనిట్ల పొట్లం ఎనిమిది వారాలు ఇస్తారు. ఆ పొట్లం డాక్టరు చీటీ మీద కొన్నదే అయి ఉండాలి.

35 ఏళ్లకే అండాశయాలు తీసేయడం కూడా మీ ఎముకల కథలో పెద్ద భాగం. ఈస్ట్రోజన్ ఆగిన రోజు నుంచే ఎముక వేగంగా కరుగుతుంది. మామూలుగా 47, 48కి రావాల్సింది మీకు పన్నెండేళ్లు ముందే వచ్చింది. గర్భసంచి తీయించుకున్న వాళ్ల సంఖ్యలో మన ఆంధ్ర రాష్ట్రం దేశం మొత్తంలోనే ముందు వరసలో ఉంది. ఆ ఆపరేషన్ రోజునే "45 దాటేలోపు హార్మోన్ల గురించి, ఎముకల గురించి ఎవర్నైనా అడుగు" అని చెప్పే మనిషి ఉంటే, మీలాంటి ఉత్తరాలు నాకు ఇన్ని వచ్చేవి కాదు. ఇది రాస్తుంటే నాకు బాధగానే ఉంటుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. మీ అమ్మాయి చెప్పింది టెరిపారటైడ్. మీ అబ్బాయి చెప్పింది డెనోసుమాబ్. ఇవి ఒకే పని చేసేవి కావు. డెనోసుమాబ్, అలెండ్రొనేట్, ఏడాదికోసారి నరంలో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్, ఈ మూడూ ఎముక కరగకుండా కాపలా కాసేవి. టెరిపారటైడ్ కొత్త ఎముక కట్టే మందు. గట్టుకి గండి పడితే కాపలావాళ్లను పెంచితే చాలదు, మట్టి కూడా పోయాలి. 2018లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో పూసలు బాగా విరిగి ఉన్న 1,360 మంది ఆడవాళ్లలో సగం మందికి టెరిపారటైడ్, సగం మందికి అలెండ్రొనేట్ లాంటిదే అయిన రైసెడ్రొనేట్ మాత్ర ఇచ్చారు. వాళ్లలో చాలామంది అప్పటికే మీలాగ మాత్రలు వాడినవాళ్లే. రెండేళ్లకు కొత్తగా పూస విరిగినవాళ్లు మాత్ర వైపు నూటికి 12 మంది, ఇంజెక్షన్ వైపు 5.4 మంది. స్టెరాయిడ్ వల్ల వచ్చిన ఎముక బలహీనతకీ ఈ మందు బాగా పనికొస్తుంది. అందుకే మీ అమ్మాయి మాటకే నేను మొగ్గుతాను.

వరస కూడా ముఖ్యం. ముందు టెరిపారటైడ్, తర్వాత కాపలా మందు ఇస్తే కట్టిన ఎముక నిలుస్తుంది. ముందు డెనోసుమాబ్ మొదలెట్టి, రెండేళ్లాగి "ఇప్పుడు అది చేయిద్దాం" అంటే కుదరదు. అలా మార్చినవాళ్లలో ఎముక పెరగాల్సిన చోట తగ్గింది. అబ్బాయికి ఈ ఒక్క మాట చెప్పండి, అతనే అర్థం చేసుకుంటాడు.

టెరిపారటైడ్ రోజుకు 20 మైక్రోగ్రాములు, పొట్ట మీదో తొడ మీదో చర్మం కింద పొడుచుకోవాలి. ఇన్సులిన్ పెన్ను చూసే ఉంటారు, అచ్చం అలాగే. ఒక పెన్ను 28 రోజులు. మామూలుగా మొత్తం 24 నెలలు మించి వాడరు. అది అయిపోగానే ఏడాదికోసారి జోలెడ్రోనిక్ ఎక్కించాలి. ఆ రెండో భాగం మానేస్తే రెండేళ్ల డబ్బూ శ్రమా కరిగిపోతాయి. పెన్ను ఫ్రిజ్‌లో ఉండాలి, గడ్డకట్టే అరలో పెట్టకూడదు. తుఫాను రోజుల్లో రెండు రోజులు కరెంటు పోవడం మన కోనసీమలో మామూలే కదా, పక్కింట్లో ఇన్వర్టర్ ఉందేమో ఇప్పుడే కనుక్కోండి. మొదటి రోజుల్లో తల తిరగొచ్చు, రాత్రి పక్క మీద కూర్చుని చేసుకోండి. క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకున్నవాళ్లకు, ఎముకల్లో క్యాన్సర్ ఉన్నవాళ్లకు, రక్తంలో కాల్షియం ఎక్కువున్నవాళ్లకు ఇది ఇవ్వరు. మీకు కిడ్నీలో రాళ్లు ఉంటే అదీ డాక్టరుకి చెప్పండి.

ఖర్చు సంగతి కూడా దాచకుండా చెప్పుకుందాం. నెలకి కొన్ని వేలవుతుంది. కంపెనీని బట్టి ధరలో చాలా తేడా ఉంటుంది, మన దేశంలో తయారయ్యేవి అడగండి. దింపు దింపుకీ కొబ్బరి ధర మారే ఇంట్లో 24 నెలలు ఆగకుండా కొనడం ఎంత కష్టమో నాకు తెలుసు. మధ్యలో ఆపేసే పరిస్థితి ఉంటే మొదలుపెట్టకండి. నేరుగా జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు ఏడాదికోసారి ఎక్కించుకోండి. అది రెండో రకం వైద్యం అని చిన్నబుచ్చుకోవద్దు. 2007లో వచ్చిన ఫలితాల ప్రకారం మూడేళ్లలో అది కొత్త పూస విరుగుళ్లను 70 శాతం, తుంటి విరుగుళ్లను 41 శాతం తగ్గించింది. నరంలోకి పోతుంది కాబట్టి కాఫీ గొడవ లేదు, మరిచిపోయే గొడవ లేదు. కిడ్నీ పనితీరు బాగుండాలి, డి నిండి ఉండాలి. మొదటిసారి ఎక్కించాక ఒకట్రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. టెన్షన్ పడకండి, పారాసెటమాల్‌తో పోతుంది. పీకించుకోవాల్సిన పన్నుంటే ముందే ఆ పని కానిచ్చుకోండి. ఏళ్ల తరబడి వాడాక తొడలోనో గజ్జలోనో కారణం లేకుండా నొప్పి వస్తే వెంటనే ఎక్స్‌రే తీయించాలి. అరుదుగా తొడ ఎముకలో సన్నటి చీలిక వస్తుంది.

సిమెంట్ వద్దు. సంక్రాంతికి విరిగిన పూస ఇప్పటికి అతుక్కుని ఉంటుంది, మీరు లేచి తిరుగుతున్నారు. 2009లో వచ్చిన రెండు పరిశోధనల్లో నిజంగా సిమెంట్ పోయించుకున్నవాళ్లకీ, డాక్టర్లు పోసినట్టు నటించి వదిలేసినవాళ్లకీ నొప్పి ఒకేలా తగ్గింది. నొప్పితో మంచం దిగలేని కొద్దిమందికి, మొదటి వారాల్లో, ఆలోచించి చేస్తారు. ఎలా చూసినా అది ఆ ఒక్క పూసకే, మిగతా ఎముకలకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మా అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. కార్తీకమాసంలో తెల్లవారుజామున దీపం వదలడానికి కాలవ రేవుకి వెళ్లి, మూడో మెట్టు మీద పాకుడుకి జారింది. తుంటి విరిగింది. అప్పటికే అమ్మ ఎత్తు తగ్గింది. దేవుడి గూట్లో దీపం అందక పీట వేసుకుంటోందని ఇంట్లో అందరం చూశాం. డాక్టర్‌ని, కూతుర్ని, నేనూ చూశాను. వయసు అనుకున్నాను. ఆ పీట ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఆ తర్వాతే నా క్లినిక్‌లో గుమ్మం పక్క గోడ మీద స్కేలు అతికించాను. యాభై దాటిన ప్రతి ఆడమనిషినీ చెప్పులు విప్పించి దానికి ఆనించి నిలబెడతాను. పడుచు వయసులో ఉన్న ఎత్తు మీద నాలుగు సెంటీమీటర్లు తగ్గితే వెన్ను ఎక్స్‌రే రాస్తాను. నొప్పి లేకుండానే విరిగిన పూసలు ఎన్ని బయటపడ్డాయో.

కాబట్టి ఇంట్లో చూసుకోండి. వానాకాలం పెరట్లో గచ్చు మీద పట్టే పాకుడుని బ్లీచింగ్ చల్లి వారం వారం గీకించండి. స్నానాలగదిలో గోడకి పట్టుకునే కడ్డీ వేయించండి. రాత్రి లేచే దారిలో చిన్న లైటు ఉంచండి. వంగి బరువు ఎత్తడం ఇక మీ పని కాదు. వచ్చే సంక్రాంతికి గిన్నె దింపేది మీ అబ్బాయి. ముందుకు వంగే ఆసనాలు ఎవరు చెప్పినా చేయకండి, పూస ముందు భాగం మీదే బరువు పడుతుంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం, గుమ్మం పట్టుకుని మడమలెత్తడం, గోడకి వీపు ఆనించి భుజాలు వెనక్కి లాగడం రోజూ రెండు పూటలా చేయండి.

తిండిలో మీ వయసుకి రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పెద్ద గ్లాసు పాలల్లో 300 దాకా ఉంటుంది. వంద గ్రాముల చోడిపిండిలో 350 దగ్గర. పెరుగు, పొట్టు తీయని నువ్వుల చిమ్మిలి, ముల్లుతో సహా నమిలేసే చిన్న చేపలు మన దగ్గర కరువా? అవి లెక్కేసుకుని తక్కువైనంతే మాత్రతో నింపండి. కూరలో మాంసకృత్తులు తగ్గనివ్వకండి.

ఈ పేజీ చింపి, రెండు స్కాన్లూ, ఎక్స్‌రే, పొట్లం పట్టుకుని ఎండోక్రైనాలజిస్టునో ఎముకల డాక్టరునో కలవండి. రక్తపరీక్షలు వచ్చాక వాళ్లు వేరే మాట చెప్తే, మిమ్మల్ని కళ్లారా చూసిన వాళ్ల మాటే వినండి.

ప్రశ్న: మాది భీమవరం దగ్గరండి. మా ఆవిడకి 72. ఆరు నెలలకోసారి చేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ నాలుగు అయ్యాయి. స్కాన్ బాగా మెరుగైందన్నారు. ఈసారి చెరువులో రొయ్య పోయి చేతిలో డబ్బాడక ఐదోది ఆపాము. నాలుగోది చేసి ఎనిమిది నెలలు దాటింది. మెరుగైంది కదా, కొన్నాళ్లు ఆగొచ్చా?
— ఒక పాఠకుడు

జవాబు: ఆగొద్దండి. ఈ వారమే తీసుకెళ్లండి. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగినట్టే, ఈ ఇంజెక్షన్ ఆపితే అన్నాళ్లూ అణిగి ఉన్న అరుగుదల ఒక్కసారిగా లేస్తుంది. పెరిగిన ఎముకంతా ఏడాదిలో పోవచ్చు. కొంతమందికి ఒకేసారి రెండు మూడు పూసలు విరుగుతాయి. ఏడు నెలలు దాటితే మేం కంగారుపడేది అందుకే. మాత్రలకు ఐదేళ్లయ్యాక కొందరికి విరామం ఇస్తారు, దీనికి మాత్రం విరామం లేదు. ఖర్చు భారమైతే మానుకోవడానికి ఒక పద్ధతి ఉంది. జోలెడ్రోనిక్ ఎక్కించో, వారపు మాత్ర పద్ధతిగా వేయించో దీన్నుంచి దిగాలి. ఆ సంగతి డాక్టరుతో దాపరికం లేకుండా చెప్పండి, డబ్బాడటం లేదని చెప్పడానికి మొహమాటపడొద్దు. వెళ్లే ముందు కాల్షియం, క్రియాటినిన్ పరీక్షలు చేయించి పట్టుకెళ్లండి. ఈలోగా ఆవిడకి కొత్తగా నడుం నొప్పి వస్తే, వారం కూడా ఆగకుండా ఎక్స్‌రే తీయించండి.